ర్యాంకులిచ్చేటోళ్లు మన దిక్కు రాలే

‘బతకడానికి మంచి ఊర్లు’ అని జాబితా పడ్డదంటే నేనైతే ముందుగాల మన పేరే ఎతుకుత. 2018 ఆగస్టుల కేంద్రం 111 నగరాలకు ర్యాంకులిచ్చింది, యాదికున్నదా? పుణె ఫస్టు, తిరుపతి నాలుగు. మన కరీంనగర్ 11! హైదరాబాద్‌ది 27. పట్నంల ఉండే ఆడిబిడ్డకు ఫోన్ చేసి మరీ చెప్పిన. ఊకుంటనా?

మన ఊరు జమ్మికుంట మాత్రం అండ్ల లేదు. మనం ఫెయిలు కాలే చెల్లే, పరీక్షకే కూసోబెట్టలే. పెద్ద నగరాలు, రాజధానులు, స్మార్ట్ సిటీలు, గంతే లెక్క. ఇగ మెర్సర్ కంపెనీ ఇచ్చే ప్రపంచ నగరాల జాబితా ఉన్నది. 2019ల వియన్నా మొదటిది, హైదరాబాద్, పుణె 143. అది ఎవరి కోసం? ఉద్యోగులను వేరే దేశం పంపే కంపెనీలకు, ఎవరికి ఎంత అలవెన్సు ఇయ్యాల్నో తేల్చుకునేటందుకు. అండ్ల మన పత్తి ఏరే అక్క యాడ కనబడ్తది?

మనకేం తక్కువ చెప్పుండ్రి. పత్తి సీజన్ల మార్కెట్ యార్డు చూడాలె, బండ్లు, ట్రాలీలు, కాంటాల కాడ హమాలీల కేకలు! కాజీపేట-బల్లార్షా లైను మీద మన స్టేషన్. నవమికి ఇల్లందకుంట రాములోరి లగ్గం. 2017 ఆగస్టు 15 నుంచైతే పొద్దుగాల మైకుల జనగణమన వస్తే బజారంతా నిలబడుడు మొదలైంది. ఓ పోలీసు ఇన్‌స్పెక్టర్ ఆలోచన అది. కూరగాయల సంచి పట్టుకున్నామె, స్కూటర్ మీదాయన, ఎక్కడోళ్లక్కడ్నే. దేశమంతా మన గురించి రాసిన్రు.

అట్లని మురిసిపోయి కూసుంటే కాదు. కేంద్రమోళ్లు ఆ ర్యాంకులకు 78 సంగతులు చూసిన్రట. నాకు మూడే చాలు. యార్డుకొచ్చిన ఆడోళ్లకు తలుపు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి ఉన్నదా? రాత్రి రైలు దిగిన పిల్ల ఒక్కతే ఇంటికి నడిచి పోగల్గుతదా? వానకాలం మన గల్లీల నీళ్లు నిలవకుండ పోతున్నయా? మూడింటికీ ‘అవు’ అన్ననాడు వియన్నా పేరు నా ముందర ఎత్తకుండ్రి.

మీ వార్డు కౌన్సిలర్ కనబడితే ఈ మూడూ అడుగుండ్రి. నలుగురు కలిసి పోతే ఇంకా మంచిది. ఏం జవాబు చెప్పిన్రో నాకు రాయుండ్రి.