సగంలో ఆగిన పనులు – ఇంటి పనిబల్ల

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా నూజివీడు తోటల్లో జనవరి అంటే మామిడి పూత కాలం. పూతమీద తేనెమంచు పురుగు పడిందంటే రైతుకు కంటిమీద కునుకుండదు. నిరుడు సరిగ్గా అప్పుడే మా నాన్న "స్ప్రేయరేదిరా?" అన్నారు. అది నా బల్లమీదే ఉంది, ఏడు ముక్కలుగా! సంక్రాంతి సెలవుల్లో బాగుచేద్దామని విప్పి, మధ్యలో పాత రేడియో పట్టుకున్నాను. ఆపైన బోరు మోటారు స్టార్టరు. మూడింటి మరలూ ఒకే డబ్బాలో కలిశాయి. పంపు వాషరు ఎంత వెదికినా దొరకలేదు. అద్దెకు మరొకటి తెచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి. కాలువ వైపు చెట్ల పూత ఎండి రాలిపోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

కోయంబత్తూరు దగ్గర తెలుగు రైతు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు మోటారు సైకిలు కొని, విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారట! విప్పడం ఎవరికైనా చేతనవును. విప్పిన వరుస తెలిసినవాడే బిగించగలడు. కావున పొలానికి గట్టున్నట్టే పనికీ గట్టుండాలి. నేను పెట్టుకున్న గట్లు ఇవి:

1. ఒక పనికి ఒక పెట్టె. కాయలు మోసే పాత ప్లాస్టిక్ ట్రేలు చాలు. అడుగున గోనెపట్టా పరవాలి, లేకుంటే మరలు సందుల్లోంచి జారిపోతాయి. పెట్టెలు మూడే. ఒకటి ఖాళీ అయితేనే నాలుగో పని.

2. బల్లమీద ఎప్పుడూ ఒక్క పనే. లేచేముందు అంతా దాని పెట్టెలోకి పోవాలి.

3. విప్పిన భాగాలు ఎడమనుండి కుడికి వరుసగా పేర్చాలి. బిగించేటప్పుడు కుడినుండి ఎడమకు రావాలి. చిన్న వాషర్లకు అగ్గిపెట్టె మేలు.

4. ప్రతి పెట్టెలో ఒక చీటీ: ఎంతవరకు అయింది, తరువాత ఏం చేయాలి, ఏం కొనాలి. ఇది మన ల్యాబ్ రికార్డు వంటిదే. నెల తరువాత వచ్చినా పని అక్కడినుండే సాగుతుంది.

5. ఏది ముందో తోటనడిగి తెలుసుకోవాలి. స్ప్రేయరు పూతకు ముందు, చిక్కం గడలు కోతకు ముందు సిద్ధం కావాలి. రేడియో ఆగినా ఫరవాలేదు.

జాగ్రత్తలు రెండు. సింగిల్ ఫేజు స్టార్టరులోని కెపాసిటరు కరెంటు తీసేసినా ఛార్జి నిలుపుకొని ఉంటుంది. రెసిస్టెన్సు ద్వారా డిశ్చార్జి చేయనిదే దాన్ని తాకరాదు. స్ప్రేయరును బాగా కడగనిదే బల్లెక్కించరాదు. పురుగుమందు డబ్బాలు దాని దరిదాపుల్లో ఉండరాదు.

మిత్రులారా! ఈ ఏడు పూతకు మా స్ప్రేయరు వేళకు తోటకు వెళ్ళింది. రేడియో మాత్రం ఇంకా పెట్టెలోనే ఉంది. చీటీమీద "స్పీకరు తీగ అతకాలి" అని రాసి ఉంది. ఆ చీటీ ఉన్నంతకాలం అది ఆగిన పనేగాని, పోయిన పని కాదు.