విశ్రాంత జీవితం: సొమ్ముకూ మనసుకూ ముందు ఏర్పాటు

ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62, తెలంగాణలో 2021 నుంచి 61 ఏళ్లు. ఆ రోజు శాలువాలతో పాటు గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ కలిపి పెద్ద మొత్తం రావచ్చు. ఎంత పెద్దదైనా అది మిగిలిన జీవితకాలానికి సరిపోవాలి. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే, నేటి 30 వేల ఇంటి ఖర్చు 12 ఏళ్లకు సుమారు 60 వేలవుతుంది.

అందుకే ఎవరికైనా మాట ఇచ్చేముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్క రాసుకోవాలి: మొదట ఇంటి ఖర్చు, తర్వాత వైద్యం, ఆ మిగిలినదే పిల్లలకూ దానానికీ. ఇల్లు పిల్లల పేర రాసిచ్చేవారు, తమ పోషణ చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి. అలా రాసి ఉండీ పిల్లలు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు.

సొమ్ము కన్నా కష్టమైనది తీరిక. నిన్నటిదాకా "సార్" అన్న పిలుపులు, సంతకం కోసం వచ్చే ఫైళ్లు ఒక్కరోజులో ఆగిపోతాయి. ఆ వెలితి తరచూ ఇంట్లోవాళ్ల మీద చిరాకుగా బయటపడుతుంది. కనుక విరమణకు రెండేళ్ల ముందే సాయంత్రం ఒక పని అలవాటు చేసుకోండి: పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం, వితంతువులకు పింఛను దరఖాస్తులు నింపిపెట్టడం. మన కోసం ఎదురుచూసేవారు నలుగురుంటే, పదవి పోయిన లోటు అంతగా బాధించదు.