గోబర్ గ్యాసు – పేడ తూచిన తరువాతనే ప్లాంటు కట్టవలెను

మన గ్రామములలో గోడలకు పిడకలు కొట్టుట నేటికిని కనిపించుచునే యున్నది. గ్యాసు సిలిండరు వచ్చిన యిండ్లలో సైతము నీళ్ళు కాచుటకు, కుడితి కాచుటకు పిడకల పొయ్యి వెలిగించుచున్నారు. పిడక కాలినప్పుడు అందలి నత్రజని పొగతో పోవును. బూడిదలో మిగులు కొద్దిపాటి పొటాషు, భాస్వరము తప్ప పొలమునకు దక్కునది లేదు. ఆ పొగ వంట చేయు స్త్రీల కన్నులకు, ఊపిరితిత్తులకు హాని చేయును. అదే పేడను గోబర్ గ్యాసు ప్లాంటులో వేసినచో మంటయు, ఎరువును రెండును లభించును.

లెక్క చూడుడు. 25 కిలోల పచ్చి పేడలో దాదాపు 20 కిలోలు నీరే. అది ఎండిన పిమ్మట 5 లేక 6 కిలోల పిడకలగును. ప్లాంటులో వేసినచో అదే పేడ ఇంచుమించు ఒక ఘనపు మీటరు గ్యాసు నిచ్చును. ఒక ఘనపు మీటరు గ్యాసు వంటకు సుమారు 12 కిలోల పిడకలతోగాని, మూడున్నర కిలోల కట్టెలతోగాని సమానము. అనగా అంతే పేడతో రెట్టింపు వంట జరుగును. ఎరువు అదనము.

ప్లాంటు పనిచేయు విధము

గాలి చొరని గుంటలో సూక్ష్మజీవులు పేడను కుళ్ళబెట్టును. అప్పుడు పుట్టు గ్యాసులో మండునట్టి మీథేను నూటికి 60 పాళ్ళ వరకు ఉండును. పాత నమూనాలో ఇనుప డ్రమ్ము గ్యాసుతో పైకి తేలును. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇటుకల గుమ్మటమే గ్యాసును పట్టియుంచును. దీనికి తుప్పు బాధ లేదు. కాని గుమ్మటము లోపలి పూతలో సన్నని పగులున్నను గ్యాసు నిలువదు. కావున ఇదివరకు ఇట్టివి కట్టిన మేస్త్రీచేతనే కట్టించవలెను.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక రైతు తనకు ఎనిమిది పశువులున్నవని చెప్పగా, తలల లెక్కను బట్టి 4 ఘనపు మీటర్ల ప్లాంటు కట్టుకొనుమని సలహా యిచ్చితిని. దానికి రోజుకు 100 కిలోల పేడ కావలెను. ఆ యెనిమిదింటిలో మూడు దూడలు. పెద్ద పశువులు పగలెల్ల బీడుకు మేతకు పోవును. చావిడిలో తెల్లవారుసరికి దొరకు పేడ 30 కిలోలకు మించలేదు. తొమ్మిదిమంది యింటికి అన్నము ఉడికి, కూర పొయ్యిమీదికి ఎక్కకముందే మంట ఆరిపోయెడిది. ఇల్లాలు మరల పిడకలు కొట్టసాగినది. రెండేండ్లకు ఆ గుంటలో చెత్త పోసిరి. ఆ రైతు నన్నొక మాట అనలేదు. కాని ఆ వీధిలో మరెవ్వరును ప్లాంటు కట్టుకొనలేదు.

పరిమాణము నిర్ణయించుట

ప్లాంటు తలపెట్టిన రైతు ముందుగా వారము రోజులపాటు ప్రతి ఉదయము చావిడిలోని పేడనంతయు తట్టలకెత్తి తూచవలెను. అన్నిటికంటె తక్కువ వచ్చిన రోజు తూకమును లెక్కకు తీసికొనవలెను. ఒక ఘనపు మీటరుకు 25 కిలోలు, 2 ఘనపు మీటర్లకు 50 కిలోలు కావలెను. కట్టివేసి మేపు పెద్ద పశువులు నాలుగైదు ఉన్నచో 50 కిలోలు దొరకును. ఐదారుగురున్న కుటుంబమునకు 2 ఘనపు మీటర్ల ప్లాంటు చాలును. వేసవిలో మేత చాలక పశువులను అమ్ముకొను అలవాటున్నచో ఆ సంగతియు ఆలోచించవలెను. 25 కిలోలైనను రానివారు ప్లాంటు జోలికి పోక, పేడను పెంటగుంటలో వేసి కంపోస్టు చేయుట మేలు.

నడుపునప్పుడు గమనించవలసినవి

1. ప్లాంటు వంటింటికి, చావిడికి దగ్గరగా, ఎండ తగులు చోట ఉండవలెను. మంచినీటి బావికి కనీసము 15 మీటర్ల దూరము పాటించవలెను.

2. పేడ ఎంతో నీరు అంతే పోసి, గడ్డిపరకలు, మట్టి, రాళ్ళు ఏరివేసి కలుపవలెను. సబ్బునీరు, ఫినాయిలు పడరాదు. వానివలన సూక్ష్మజీవులు చచ్చును.

3. మొదట వచ్చు గ్యాసు సరిగా మండదు. దానిని బయటికి వదలివేయవలెను. గొట్టము మొదట అగ్గిపుల్ల గీయరాదు. పొయ్యివద్దనే వెలిగించవలెను.

4. మంట ఎగిరెగిరి పడుచున్నచో గొట్టములో నీరు చేరినదని తెలిసికొని, ఆ నీటిని తీసివేయవలెను.

5. గుంటలోనికి ఎవరును దిగరాదు. లోపల ప్రాణవాయువు లేక మనిషి క్షణములలో పడిపోవును.

మడ్డి ఎరువు

వెలుపలికి వచ్చు మడ్డిలో పేడలోని నత్రజని దాదాపు అంతయు నిలిచియుండును. దానిని ఎండలో ఆరబోసినచో నత్రజని కొంత గాలిలో పోవును. కావున ఊక, ఎండుటాకులు, చెత్త పరచిన గుంటలోనికి వదలి కంపోస్టు చేయుటగాని, సాగునీటితో కలిపి మళ్ళకు పారించుటగాని మంచిది.

గ్రామాధికారులకొక మనవి. ప్లాంటుకు దరఖాస్తు చేయువారిచేత పశువుల సంఖ్యతోపాటు వారము రోజుల పేడ తూకమును కూడ వ్రాయించుడు. కట్టిన మూడవ యేట ఒకసారి ఆ యింటికి పోయి పొయ్యి వెలుగుచున్నదేమో చూడుడు. అది వెలుగుచున్నచో, ప్రక్క యింటివారికి మీరు వేరుగా చెప్పనక్కరలేదు.