ముసలి కుక్కకు సేవ – కుటుంబానికి ఒక పాఠం



పదేళ్లపాటు మీ గడపను కాచిన కుక్కకు ఒళ్లంతా పుండ్లు పడ్డాయి. వీపు మీద బొచ్చు రాలి నల్లని చర్మం బయటపడింది. వెనుక కాళ్లు పట్టు తప్పి, అరుగు ఎక్కలేక కిందనే పడుకుంటోంది. దగ్గరకు వెళితే దుర్వాసన. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇప్పుడు మీరు ఏం చేస్తారు?

తిరువూరు ప్రాంతంలోని పెనుగొలను వంటి పల్లెల్లో ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబులు మూడు. గోనెసంచిలో వేసి పొలిమేర దాటించి వదిలి రావడం మొదటిది. పొలానికి కొట్టగా మిగిలిన పురుగుమందు నీళ్లలో కలిపి ఒంటికి పూయడం రెండవది. "ముసలిదైపోయింది, ఇంకేం చేస్తాం" అని ఓ మూలకు వదిలేయడం మూడవది. ఈ మూడింటిలో ఏదీ అవసరం లేదని, నాలుగవ దారి ఉందని, దానికి డబ్బుకంటే ముఖ్యంగా ఓపిక కావాలని చెప్పడమే ఈ వారం పాఠం ఉద్దేశం.

1. రెండు జబ్బులను కలిపి చూడాలి

చర్మం జబ్బు వేరు, కాళ్ల జబ్బు వేరు అని మనం అనుకుంటాం. ముసలి కుక్క విషయంలో ఈ రెండూ ఒకదానినొకటి పెంచుతాయి. కీళ్ల నొప్పి ఉన్న కుక్క ఎక్కువసేపు ఒకేచోట పడుకుంటుంది. నేలకు ఒరుసుకొని మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం కాయ కాచి పగులుతుంది. లేవలేక పడుకున్నచోటే మూత్రం పోస్తే పొట్టకింద చర్మం నాని పుండవుతుంది. మెడ తిప్పి ఒళ్లు నాక్కోలేదు గనుక పిడుదులు నిశ్చింతగా పెరుగుతాయి. పుండు మీద ఈగలు వాలితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి.

మందుల్లో కూడా ఈ సంబంధం ఉంది. దురద తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు ఎక్కువకాలం వాడితే కండరాలు బలహీనపడతాయి, ఆకలి పెరిగి ఒళ్లు వస్తుంది. ఆ బరువు కాళ్ల మీదనే పడుతుంది. స్టెరాయిడ్‌తోపాటు కీళ్ల నొప్పి మాత్ర కూడా ఇస్తే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది. కనుక పశువైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు అంతకుముందు వాడిన మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లండి. చర్మానికి ఒకరు, కాళ్లకు ఒకరు రాసిన మందులు కలిపి వేయకండి.

2. చర్మం: ప్రతి పుండూ గజ్జి కాదు

బొచ్చు రాలిన ప్రతి కుక్కనూ మనం "గజ్జికుక్క" అంటాం. కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి వైద్యం వేరు.

కంటికి కనిపించని పురుగుల వల్ల వచ్చే గజ్జిలో రెండు రకాలున్నాయి. ఒకటి విపరీతమైన దురద పెడుతుంది, ఇతర కుక్కలకు పాకుతుంది, మనుషులకు కూడా కొద్దిరోజులు దద్దుర్లు తెప్పిస్తుంది. రెండవ రకం పురుగులు ఆరోగ్యంగా ఉన్న కుక్కల చర్మంలోనూ కొద్దిగా ఉంటాయి. ముసలితనంలోనో, మరేదైనా జబ్బు వల్లనో ఒంటి నిరోధకశక్తి తగ్గినప్పుడు పెరిగిపోతాయి. ఇది ఇతరులకు అంటదు. ముసలి కుక్కకు ఈ రెండవ రకం వచ్చిందంటే లోపల ఇంకేదో జబ్బు దాగి ఉందేమో చూడాలి.

గుండ్రని మచ్చలుగా వచ్చే తామర పిల్లలకు అంటుకుంటుంది. చెవిలో చీము, తల విదిలించడం చెవి జబ్బుకు గుర్తులు. దురద లేకుండా రెండు పక్కలా సమానంగా బొచ్చు రాలి, కుక్క మందకొడిగా మారి ఒళ్లు చేస్తే థైరాయిడ్ లోపం కావచ్చు. పొట్ట వేలాడి, చర్మం పలుచబడి, నీళ్లు అతిగా తాగుతూ మాటిమాటికీ మూత్రం పోస్తుంటే మరొక గ్రంథి జబ్బు కావచ్చు. వీటిలో ఏదో తేల్చడానికి మొదటి మెట్టు చాలా చిన్న పరీక్ష: చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూడటం.

గజ్జికి, పిడుదులకు నేడు మంచి మందులున్నాయి. ఐవర్‌మెక్టిన్ కనుగొన్నందుకు ఇద్దరు శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది. అయినా పశువులకని తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సూదిమందును అంచనా మీద కుక్కకు పొడవరాదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. కోలీ జాతి కుక్కల్లో కొన్నిటికి అది ప్రాణాంతకం. వైద్యుడు చెప్పినంతకాలం మందు వాడాలి. పైకి బొచ్చు మొలిచిందని ఆపేస్తే గజ్జి తిరిగి వస్తుంది.

పిడుదుల విషయంలో మరొక మాట. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. ఒక ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది, అవి గోడ పగుళ్లలో, పశువుల కొట్టంలో, పాత గోనెల్లో ఉంటాయి. గోడలు మెత్తించి, పరుపులు ఎండలో వేయకపోతే ఎన్ని మందులు వాడినా ఫలితం నిలవదు. పిడుదును చేతివేళ్లతో నలపకుండా, చిమటాతో తల దగ్గర పట్టి తీసి సబ్బునీళ్లలో వేయండి.

3. కాళ్లు: మూలగనంత మాత్రాన నొప్పి లేదనుకోవద్దు

కుక్క తన నొప్పిని దాచుకుంటుంది. అది ఏడవదు, మనమే కనిపెట్టాలి. పొద్దున్నే లేచేటప్పుడు రెండు మూడుసార్లు ప్రయత్నించడం, కాస్త నడిచాక కుంటు తగ్గడం, మెట్టు దగ్గర ఆగిపోవడం, ఎప్పుడూ లేనిది పిల్లలు ముట్టుకుంటే గుర్రుమనడం, గోళ్లు అరగక పెరిగిపోవడం – ఇవి కీళ్లవాతానికి గుర్తులు. ఎముకల కొసల మీది మెత్తని పొర అరిగి, కీలు వాచి నొప్పి పుడుతుంది. అరిగినది తిరిగి రాదు. కాని నొప్పిని చాలావరకు తగ్గించవచ్చు.

మొదటి మందు బరువు తగ్గించడం. ఒళ్లు చేసిన కుక్క తన బరువులో పదోవంతు కూడా తగ్గకముందే కుంటు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. రెండవది నడక. ఒకేసారి దూరం తిప్పకుండా రోజుకు రెండు మూడు సార్లు పది నిమిషాలు చొప్పున నెమ్మదిగా నడిపించండి. మూడవది వైద్యుడు బరువు చూసి ఇచ్చే నొప్పి మందు.

నీరసంగా పడి ఉన్న ప్రతి కుక్కా ముసలితనంతోనే పడి లేదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కూడా కాళ్లు పట్టేస్తాయి, చిగుళ్లు పాలిపోతాయి, కొన్నిసార్లు ముక్కునుండి రక్తం కారుతుంది. దీనికి వైద్యం ఉంది, ఆలస్యం చేస్తేనే ప్రమాదం. ఉన్నట్టుండి వెనుక కాళ్లు చచ్చుబడినా, ఒక పూటంతా మూత్రం రాకపోయినా ఆ రోజే వైద్యునికి చూపాలి.

ఇంకొక హెచ్చరిక. నోరు వేలాడేసి చొంగ కారుస్తూ, మింగలేక, కాళ్లు పడిపోతున్న కుక్కకు రేబిస్ ఉండవచ్చు. దాని నోట్లో చెయ్యి పెట్టకండి, పిల్లలను దగ్గరకు రానీయకండి, వెంటనే పశువైద్యునికి తెలియజేయండి. ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. కుక్క ముసలిదైనా ఏటేటా రేబిస్ టీకా మానరాదు.

4. ఇంట్లో చేయగలిగిన సేవ

పడక: సిమెంటు గచ్చు మీద పడుకోనివ్వకండి. గోనెపట్టాలు నాలుగైదు మడతలు వేసి, పైన ఉతికిన పాత దుప్పటి పరవండి. తడిస్తే వెంటనే మార్చండి. వానాకాలంలో వసారాలో పొడిచోటు చూపండి. జారే గచ్చు మీద నడిచే దారిలో గోనెపట్టా పరిస్తే కాలు నిలుస్తుంది.

లేపడం: కాళ్లు పట్టుకొని లాగవద్దు. పాత తువ్వాలును పొట్టకింద, వెనుక కాళ్ల ముందుగా చుట్టి, రెండు కొసలు పైకి పట్టుకుంటే కుక్క తన కాళ్ల మీద తానే నాలుగడుగులు వేస్తుంది. అసలు లేవలేని కుక్కను మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి.

స్నానం: మనం వాడే సబ్బు కుక్క చర్మానికి పడదు, ఎండబెడుతుంది. వైద్యుడు రాసిన షాంపూ పట్టించి పది నిమిషాలు ఉంచి కడగండి. వేళ్ల సందులు, చర్మపు మడతలు పూర్తిగా ఆరబెట్టండి. సగం జబ్బు తడి వల్లనే.

ఆహారం: ఒట్టి అన్నం, మజ్జిగతో చర్మం బాగుపడదు. ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, ఉప్పు కారం లేని మాంసం కొద్దికొద్దిగా కలపండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు పెట్టవద్దు. నీళ్ల గిన్నె పడకకు దగ్గరగా ఉంచండి.

5. ఎంతమాత్రం చేయకూడనివి

పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందు ఒంటికి పూయవద్దు. చర్మం గుండా లోపలికి పోయి, నాకినప్పుడు నోటిగుండా పోయి కుక్కను చంపుతుంది. పూసిన చేతులకూ విషమే. కాలిన ఇంజినాయిలు, కిరోసిన్, పెట్రోలు, ఫినాయిలు ఏదీ పుండు మీద పోయవద్దు. పురుగులు పడితే వాటిని తీసి శుభ్రం చేయడానికి పశువైద్యశాలలో మందులున్నాయి.

మనుషుల నొప్పి మాత్రలు వేయవద్దు. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది. "సగం మాత్రే కదా" అన్న మాట ఎన్నో కుక్కల ప్రాణం తీసింది.

ఊరి బయట వదిలి రావద్దు. ఆకలి దప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచి, నడవలేని కుక్కను తెలియని చోట వదలడమంటే దానిని ఇతర కుక్కలకు, ఆకలికి అప్పగించడమే.

6. ఎంతవరకు ఖర్చు పెట్టాలి?

ఈ ప్రశ్న అడగడంలో తప్పులేదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2416 నుండి 2418 వరకు గల పేరాల్లో రెండు వైపులా చెబుతుంది. జంతువులు దేవుని సృష్టి, వాటిపట్ల దయ చూపడం మన బాధ్యత, అనవసరంగా బాధించడం మానవ గౌరవానికి తగదు. అయితే పేదల ఆకలి తీర్చడానికి పోవలసిన డబ్బును జంతువుల మీద ఖర్చు చేయడమూ తగదు. కనుక పిల్లల ఫీజు ఆపి, అప్పుచేసి కుక్కకు వైద్యం చేయించనక్కరలేదు. పైన చెప్పిన సేవలో అధికభాగం పాత గోనెలు, పాత తువ్వాలు, మన సమయం మాత్రమే అడుగుతుంది.

వైద్యానికి ముందుగా దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. క్లిష్టమైన జబ్బయితే 1998లో ప్రారంభమైన గన్నవరం ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల మన జిల్లాలకు అందుబాటులో ఉంది. సంచార పశువైద్య వాహనాల సేవలకు ఫోను నంబరు 1962. పెరూ దేశపు లీమా నగరంలో రోగులతోపాటు గాయపడిన కుక్కలను కూడా ఆదరించిన మార్టిన్ దె పోరెస్ వారిని శ్రీసభ పునీతులుగా ప్రకటించిన సంవత్సరం కూడా 1962. అలా గుర్తుంచుకోండి.

7. చివరి రోజులు

కొన్నిసార్లు సేవ చేసినా బాధ తగ్గదు. తిండి ముట్టదు, నీళ్లు తాగదు, పుండ్లు మానవు, మందుకు నొప్పి లొంగదు, మనిషిని చూసి తోక కూడా ఆడించదు. అటువంటప్పుడు నొప్పి తెలియకుండా ప్రాణం విడిచేలా చేయమని పశువైద్యుని అడగవచ్చు. మనిషి ప్రాణం విషయంలో శ్రీసభ దీనిని ఎంతమాత్రం ఒప్పుకోదు. జంతువు విషయం వేరు. తప్పించలేని బాధను తగ్గించడం క్రూరత్వం కాదు. అయితే అది వైద్యుని చేతుల్లో జరగాలి, విషపు అన్నంతో కాదు. పిల్లలకు అబద్ధం చెప్పకండి. "ఎక్కడికో పారిపోయింది" అంటే వాళ్లు రోజూ వీధి చివర చూస్తూనే ఉంటారు.

తోబీతు గ్రంథంలో తోబియా, రఫాయేలు దూత ప్రయాణమైనప్పుడు ఇంటి కుక్క వారి వెంట వెళ్లింది, తిరిగి వచ్చినప్పుడు వారితోనే వచ్చింది (6, 11 అధ్యాయాలు). పుండ్లతో ధనవంతుని వాకిట పడి ఉన్న లాజరు దగ్గరకు వచ్చినవి కూడా కుక్కలే (లూకా 16). ఇప్పుడు పుండ్లతో మన వాకిట పడి ఉన్నది కుక్క. ఇంట్లో ముసలివారిని ఎలా చూడాలో మన పిల్లలు ఉపన్యాసాల వల్ల నేర్చుకోరు. లేవలేని ప్రాణికి నాన్న పక్క మార్చడం, అమ్మ తడిసిన గుడ్డ తీసి పొడిగుడ్డ వేయడం చూసి నేర్చుకుంటారు.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మన ఇంటి కుక్క ఏ వయసులో ఉంది? చివరిసారి రేబిస్ టీకా ఎప్పుడు వేయించాం?
2. దాని నడకలో, చర్మంలో ఈ ఆరు నెలల్లో ఏ మార్పు వచ్చింది?
3. పడక మార్చడం, నడిపించడం, మందు వేయడం – ఏ పని ఎవరిది?
4. పొరుగింట్లో ఒంటరిగా ఉన్న పెద్దవారి కుక్క జబ్బు పడితే మనం చేయగల సాయం ఏమిటి?