మూడు బిందువులూ ఒకే గీత మీదకు రావడం లేదు

ప్రశ్న: నేను 9వ తరగతి. 2ఎక్స్ + 3వై = 12 లాంటి సమీకరణాలకు విలువలు కనుక్కుంటున్నాను గానీ, గ్రాఫులో బిందువులు చెల్లాచెదురుగా పడుతున్నాయి. ఎక్కడ తప్పుతున్నాను?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఈ సమీకరణానికి జవాబు ఒకటి కాదమ్మా, లెక్కలేనన్ని. అవన్నీ ఒకే సరళరేఖ మీద ఉంటాయి. ఒక బిందువు పక్కకు పోయిందంటే దాన్ని లెక్కించడంలోనో గుర్తించడంలోనో పొరపాటు జరిగినట్టే.

ఎక్స్ 0 అయితే 3వై = 12, వై 4. బిందువు (0, 4). చాలామంది దీన్ని అడ్డగీత మీద 4 దగ్గర పెట్టేస్తారు. అది (4, 0). సమీకరణంలో వేసి చూడు, 8 వస్తుంది గానీ 12 రాదు. మొదటి అంకె కుడి ఎడమలకు, రెండోది పైకీ కిందికీ అని పట్టిక మీదే రాసుకో.

ఎక్స్ 1 అనుకుంటే వై 10/3. దాన్ని గ్రాఫు కాగితం మీద కచ్చితంగా గుర్తించడం కష్టం. వై ముందు 3 ఉంది కాబట్టి ఎక్స్‌కి 0, 3, 6 తీసుకో. (0, 4), (3, 2), (6, 0) వస్తాయి. గీతకు రెండు బిందువులు చాలు, కానీ తప్పు పట్టించేది మూడోదే. దాన్ని మానొద్దు.

ఎక్స్ –3 అయితే –6 + 3వై = 12. అంటే 3వై = 18, వై 6. ఇక్కడ 18కి బదులు 6 రాస్తున్నావేమో చూసుకో. అలాగే గ్రాఫు గీసేటప్పుడు స్కేలు మధ్యలో మార్చకు.

నాలుగైదు లెక్కలు చేశాక కూడా కుదరకపోతే, మీ లెక్కల టీచర్ ఎదుటే ఒకటి చేసి చూపించు. రుణ సంఖ్యల దగ్గరే తడబడుతుంటే ముందు ఆ పాఠం మళ్లీ చెప్పించుకో.