భీమా కంపెనీ కాదన్న క్లెయిము : కోర్టు మెట్లెక్కక పూర్వము, ఎక్కిన పిమ్మట

తగరపువలస మీదుగా విశాఖపట్టణమునకు పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై రైతుల బండ్లు లేని పూట లేదు. కూరగాయల మూటలతో పోవు చిన్న సరకుబండ్లు, ట్రాక్టర్లు, కొంత కలిగినవారి కార్లు, వీనికన్నిటికి ఏటేట భీమా కట్టుచునే యున్నాము. పాలసీ కాగితము వచ్చిన దినముననే దానిని పెట్టెలో దాచి తాళము వేయుదుము. మరల దానిని వెలికిదీయుట బండి దెబ్బ తిన్ననాడే. అప్పుడు కంపెనీవారు "మీ క్లెయిము చెల్లదు" అని యుత్తరము పంపినచో, మనలో పెక్కుమంది "పెద్ద కంపెనీతో మనకేల వ్యాజ్యము" అని యూరకుందురు. కొందరు కోపమాపుకొనలేక ఆనాడే వకీలింటికి పరుగిడుదురు. ఈ రెండును తొందరపాటులే. ముందుగా చేయవలసినది ఆ యుత్తరమును నిదానముగా చదువుట, లేదా చదివించుకొనుట.

ఆ యుత్తరమునకు ఇంత ప్రాముఖ్య మేల? కంపెనీ అందులో ఏ కారణము వ్రాసెనో ఆ కారణముమీదనే కడవఱకు నిలువవలయును. తరువాత కోర్టులో క్రొత్త కారణములను తెచ్చుటకు వీలులేదని సుప్రీంకోర్టు 2019 డిశంబరులో సౌరాష్ట్ర కెమికల్సు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కాబట్టి ఏజెంటు నోటిమాటగా "రాదండీ" అన్నంతమాత్రమున తిరిగి రావలదు. కాదనుటకు గల కారణమును వ్రాతమూలముగా నిమ్మని రిజిస్టరు ఉత్తరము వ్రాయవలయును. ఆ కాగితము లేనిది మన వ్యాజ్యమునకు తలయును లేదు, తోకయును లేదు.

కంపెనీలు తఱచుగా చెప్పు కారణములలో మొదటిది "ఆలస్యముగా తెలిపితిరి" అనునది. దీనినిగూర్చి రైతులు చక్కగా తెలిసికొనవలసిన తీర్పొకటి కలదు. పంజాబుదేశమున ఒకని ట్రాక్టరు 2010 అక్టోబరులో దొంగిలింపబడెను. అతడు ఆ దినముననే పోలీసులకు ఫిర్యాదు చేసెను గాని, కంపెనీకి క్లెయిము పంపునప్పటికి సుమారు ఏడు వారములు గడచినవి. ఆలస్యమైనదని కంపెనీ త్రోసివేసెను. జిల్లా ఫోరము యజమాని పక్షమున చెప్పగా, జాతీయ కమీషను కంపెనీ పక్షమున చెప్పెను. తుదకు 2020 జనవరి 24వ తేదీన సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుండి యజమానికే సొమ్ము చెల్లవలెనని తీర్పిచ్చిరి. వారిలో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగా రొకరు.

ఆ తీర్పులోని తర్కము గ్రహింపదగినది. ప్రమాదము వేఱు, దొంగతనము వేఱు. ప్రమాదము జరిగినపుడు కంపెనీ సర్వేయరు వచ్చి బండిని చూచి నష్టమును లెక్క కట్టవలయును. అందుచేత కంపెనీకి వెంటనే తెలుపుట అవసరము. దొంగతనములో చూచుటకు బండియే లేదుగదా! అక్కడ పని పోలీసులది. యజమాని వెంటనే పోలీసులకు చెప్పి, వారు వెదకి బండి దొరకలేదని తుది నివేదిక వ్రాసినచో, కంపెనీకి ఆలస్యముగా తెలిపిన యంతమాత్రముచేత నిజమైన క్లెయిమును త్రోసివేయరాదు. అయితే ఈ తీర్పును చూచికొని ప్రమాదములలో గూడ తీరికగా చెప్పుద మనుకొనుట పొరపాటు. బండి గుద్దుకొన్న చోటనే ఫొటోలు తీసి, ఆ పూటనే కంపెనీకి తెలిపి, సర్వేయరు చూచువఱకు మరమ్మతు మొదలుపెట్టకుండుటయే క్షేమము.

రెండవ కారణము లైసెన్సు. చిన్న సరకుబండిని కారు లైసెన్సుతో నడిపినారని చెప్పి క్లెయిములు త్రోసివేయుట చాలకాలము జరిగినది. 2017లో ముకుంద్ దేవాంగన్ వ్యాజ్యమున వచ్చిన తీర్పును, 2024 నవంబరు 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము స్థిరపఱచినది. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరకుబండిని నడుపుటకు తేలిక వాహనముల లైసెన్సు చాలును, ప్రత్యేకపు అనుమతి అక్కఱలేదు. అపాయకరమైన సరకులు మోయు బండ్ల సంగతి మాత్రము వేఱు. ఇక లైసెన్సే లేని కుఱ్ఱవానికి తాళపుచెవి యిచ్చినవారు, త్రాగి నడిపినవారు తమ బండి నష్టమునకై వ్యాజ్యము వేయుట వృథాయని నా యభిప్రాయము. అట్టి చోట కంపెనీ మాటయే నెగ్గును.

మూడవది బండిని వాడిన తీరు. సొంతమునకని భీమా చేయించిన కారును బాడుగకు త్రిప్పుట మన ప్రాంతమున కలదు. పెండ్లిండ్ల కాలమున మఱియు నెక్కువ. ఇట్లే సొంతకారుగా భీమా చేయబడి, బాడుగకు పోయిన బండి యొకటి దొంగలపాలైన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 2008లో నూటికి 75 వంతులు చెల్లింపవలెనని చెప్పినది. దొంగతనమునకు, బాడుగకు త్రిప్పుటకు సంబంధము లేదని అందలి భావము. షరతు తప్పినవారికి పూర్తి సొమ్ము రాకపోవచ్చును గాని, ఒక్క పైసయు రాదనుటయు సరికాదు.

కొన్నిమార్లు కంపెనీ కాదనదు, సగమే యిత్తు ననును. సర్వేయరు వ్రాసిన లెక్క ముఖ్యమైనదే గాని అదే తుదిమాట కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. మరమ్మతు బిల్లులు, షెడ్డువారి అంచనా మనచేత నుండవలయును. అన్నిటికంటె జాగ్రత్తగా నుండవలసినది "పూర్తిగా ముట్టినది, ఇక తగాదా లేదు" అని సంతకము పెట్టించుకొను రసీదు విషయమున. మోసముచేతనో బలవంతముచేతనో సంతకము పెట్టించుకొనిరని ఋజువైనచో ఆ రసీదు అడ్డు రాదని 1999లో తీర్పున్నది. కాని బలవంతమును ఋజువు చేయుట మాటలా? అభ్యంతరముతో పుచ్చుకొనుచున్నానని ముందుగానే వ్రాసి పంపి, దాని నకలు దాచుకొనుట మేలు.

ఇక దారులు. మొదట కంపెనీయందలి ఫిర్యాదుల యధికారికి వ్రాయవలయును. నెలలో జవాబు రాకున్నను, వచ్చినది నచ్చకున్నను, హైదరాబాదులోని భీమా అంబుడ్సుమనుకు ఏడాదిలోగా వ్రాసికొనవచ్చును. ఫీజు లేదు, వకీలుతో పని లేదు. ఆయన తీర్పు కంపెనీని కట్టివేయును. మనకు నచ్చనిచో మనము కమీషనుకు పోవచ్చును. అయితే కోర్టులో నడచుచున్న వ్యవహారమును ఆయన చేపట్టరు.

రెండవ దారి విశాఖపట్టణములోని జిల్లా వినియోగదారుల కమీషను. కంపెనీ కార్యాలయము ఏ దూరపు నగరమున నున్నను, 2019 నాటి చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. గడువు రెండు సంవత్సరములు. ఇక్కడ అధికారమును, ఫీజును లెక్కించుట కోరిన సొమ్మునుబట్టి కాదు, కట్టిన ప్రీమియమునుబట్టి. 5 లక్షల రూపాయలవఱకు ఫీజు లేదు గనుక రైతు బండికి ఫీజన్న మాటయే రాదు. సరకుబండి వ్యాపారపు బండి కాబట్టి నీవు వినియోగదారుడవు కావని కంపెనీ వాదించినచో, భీమా చేయించునది నష్టపూర్తికి గాని లాభార్జనకు కాదని 2023లో హర్సోలియా మోటార్సు వ్యాజ్యమున వచ్చిన తీర్పును చూపవచ్చును. ఓడినవారికి రాష్ట్ర కమీషనుకు అప్పీలుచేయ 45 దినముల గడువున్నది. కంపెనీ అప్పీలు చేయవలెనన్న తీర్పు సొమ్ములో సగము ముందుగా కట్టవలయును.

ఏ దారి మేలు? తగాదా కేవలము సొమ్ము లెక్కనుగూర్చియైనచో అంబుడ్సుమను చాలును. బండి నెవరు నడిపిరి, ఏ పనిమీద పోయెను అను సంగతులకు సాక్ష్యము కావలసినచో కమీషనే తగినది. ప్రమాదములో మనిషికి గాయమైనను, ప్రాణము పోయినను ఆ పరిహారము విచారించునది మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు; దానిని దీనితో కలుపరాదు.

అప్పుతో కొన్న బండియైనచో ఇంకొక సంగతి. పాలసీలో అప్పిచ్చిన బ్యాంకు పేరుండును. బండి పూర్తిగా పోయినప్పుడు సొమ్ము మొదట ఆ బాకీకి చెల్లును. వ్యాజ్యము నడచుచున్నదని వాయిదాలు ఆగవు, వడ్డీయు ఆగదు. కాబట్టి కంపెనీ యుత్తరము చేతికందిన వారములోనే దాని నకలును బ్యాంకునకు గాని సంఘమునకు గాని ఇచ్చి, వాయిదాల గడువు పొడిగింపుమని వ్రాతమూలముగా అడిగి, రసీదు పుచ్చుకొనవలయును.