మాట పెరిగేది ముందా, వెనకా?



రేపటి వొకాబులరీ టెస్టుకు మీ పిల్లలు ఇరవై మాటలు, ఇరవై అర్థాలు బట్టీ పడుతున్నారా? ఒక్క పది నిమిషాలు ఆ లిస్టు పక్కన పెట్టించి, అసలు మాట ఎలా తయారవుతుందో చూపించండి. ఇందుకు ఇండోనేషియన్, జపనీస్ భాషలు బాగా పనికొస్తాయి.

ఇండోనేషియన్‌లో 'తులిస్' అనేది రాయడానికి సంబంధించిన మూలపదం. రాయడం 'మెనులిస్', రచయిత 'పెనులిస్', రాసిన రాత 'తులిసన్'. చేర్పులు ముందూ వస్తాయి, వెనకా వస్తాయి. ముందు చేర్పు వచ్చినప్పుడు 'త' ఎగిరిపోయింది, గమనించారా? అక్కడి నిఘంటువుల్లో ఇలాంటి మాటలను మూలపదం కిందే ఇవ్వడం ఆనవాయితీ. కాబట్టి 'మెనులిస్' అర్థం కావాలంటే, పోయిన 'త'ను వెనక్కి తెచ్చుకుని 'తులిస్' దగ్గర వెతకాలి. మన పిల్లలు సంధి విడదీసినట్టే! బట్టీ పట్టే పిల్లవాడు ఇక్కడే ఆగిపోతాడు.

జపనీస్‌లో అలా కాదు. 'తబెరు' అంటే తినడం (తాబేలు గుర్తొచ్చి పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి). 'తబెససెరు' తినేలా చేయడం, 'తబెతై' తినాలని ఉంది, 'తబెతకునై' తినాలని లేదు. చేర్పులన్నీ తోకకే. తెలుగు కుటుంబం వేరు, జపనీస్ కుటుంబం వేరు. అయినా తిను, తినిపించు, తినిపించలేదు అని మన మాట కూడా చివరే పెరుగుతుంది.

రెండు మాటలు కలిసినప్పుడూ ఇదే తేడా. ఇండోనేషియన్‌లో ఆసుపత్రి 'రుమా సాకిత్': ఇల్లు ముందు, జబ్బు తర్వాత. జపనీస్‌లో 'బ్యోఇన్': జబ్బు ముందు, చోటు తర్వాత, మన వంటిల్లు లాగా. ఇక ఇండోనేషియన్‌లో తల్లిదండ్రుల్ని 'ఒరాంగ్ తువా' అంటారు. విడదీస్తే 'ముసలి మనిషి'. మీ వయసు ముప్పై అయినా సరే, తప్పదు!

ఇంగ్లిష్ ఇండోనేషియన్ లాగే రెండు వైపులా పెరుగుతుంది. 'హ్యాపీ'కి ముందు 'అన్', వెనక 'నెస్' చేరితే 'అన్‌హ్యాపీనెస్'. అందులో 'హ్యాపీ' చివరి 'వై' కాస్తా 'ఐ' అయింది. స్పెల్లింగ్‌లో మార్కులు పోయేది తరచుగా ఈ అతుకు దగ్గరే. ఈ వారం లిస్టులోని ప్రతి మాటకూ మూలపదం కింద గీత గీయించండి. అతుకు దగ్గర ఏ అక్షరం మారిందో, ఏది పోయిందో పిల్లల చేతే చెప్పించండి.